గిల్టు కార్ఖానాలో అసలు విండోస్

ఆ రోజుల్లో మా బందరులో కంప్యూటర్ కొనుక్కున్నవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు గానీ, అందులో నడిచే విండోస్‌ని కూడా విడిగా కొనుక్కోవాలని తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసినా కొనేవాళ్ళు ఇంకా తక్కువ. కూరగాయలు కొంటే కొసరుగా కరివేపాకు వచ్చినట్టు కంప్యూటర్ కొంటే విండోస్ వస్తుంది, దానికి వేరే బేరమేమిటి అన్నది అందరి నమ్మకం. (నాదీ అదే. డిగ్రీలో కంప్యూటర్లు చదివినవాణ్ణి కాబట్టి నా నమ్మకం మరికాస్త గట్టిది.) అలాంటి ఊళ్ళో, అందునా చిలకలపూడిలో, అంటే బంగారం కానిదాన్ని బంగారంలా మెరిపించి పొట్టపోసుకునే పేటలో, అసలుసిసలు లైసెన్సున్న విండోస్ వాడే మనిషి ఒకాయన ఉండేవారు. నా మొట్టమొదటి ఉద్యోగం ఆయన దగ్గరే. ఆ విండోస్‌ని పాత కంప్యూటర్లోంచి కొత్త కంప్యూటర్లోకి మార్చడానికి నేను పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రాలేదు.

ఆయన్ని పేటంతా మావయ్య అనేది. నాకూ మావయ్యే, చుట్టరికం మాత్రం ఏమీ లేదు. ముందు గది దుకాణం, వెనక షెడ్డు కార్ఖానా, ఆ పక్కనే ఇల్లు. షెడ్డులో రోజంతా రేకు మీద అచ్చులు కొట్టే చప్పుడు, పాలిష్ వాసన. హారాలు, వంకీలు, వడ్డాణాలు, జడబిళ్ళలు, పెళ్ళికూతురికి కావలసిన సమస్తమూ రోల్డుగోల్డులో అక్కడ తయారయ్యేది. ఆయనకో పట్టుదల ఉండేది. కొనేవాళ్ళు అడిగినా అడక్కపోయినా "ఇది గిల్టమ్మా, బంగారం కాదు" అని ముందే చెప్పేసేవారు. "తెలుసండీ, తెలిసే వచ్చాం" అని వాళ్ళన్నా సరే, డబ్బాలో పెట్టి ఇచ్చేటప్పుడు ఇంకోసారి చెప్పేవారు. "మనం అమ్మేది గిల్టే గానీ మన మాట గిల్టు కాకూడదురా" అనేవారు నాతో. డిజైన్లు గీయడానికి కంప్యూటర్ కొన్నప్పుడు కూడా అంతేనట. అమ్మినవాడు "కాపీ వేసిస్తానండీ, అందరికీ అదే వేస్తాం" అంటే, "నగలెటూ నకలువే, వాటిని గీసేదైనా అసలుది ఉండనీ" అని పట్టుబట్టి పెట్టెలో వచ్చే విండోస్ తెప్పించుకున్నారు. అంతటితో ఊరుకున్నారా? పెట్టెలోపల డీవీడీ అట్టకి ఒక తళతళలాడే స్టిక్కర్, దాని మీద అక్షరాలూ అంకెలూ కలిసిన తాళంలాంటి ఒక నంబరు ఉంటే, ఆ స్టిక్కర్ని చిరక్కుండా ఊడదీసి కంప్యూటర్ డబ్బా నుదుటి మీద అంటించారు. బంగారానికి హాల్‌మార్క్ ఎలాగో దీనికిది అలాగని వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు.

నా సంగతి చెప్పాలి. మాది దివిసీమలో కోడూరు. మా నాన్న, బాబాయి కలిసి రొయ్యల చెరువులు చేసేవాళ్ళు. చెరువుగట్టు మీద గుడిసెలో కూర్చుని, నీళ్ళలో తిరుగుతూ రొయ్యలకి గాలి అందించే ఏరేటర్లు ఆగకుండా కనిపెట్టుకుని ఉండటానికి నమ్మకమైన మనిషి కావాలి. ఆ మనిషి నేనేనని మా నాన్న నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడే తేల్చేసుకున్నట్టున్నాడు. నాకేమో ఆ గట్టంటే చచ్చేంత భయం. దోమలు, బురద, మేత వాసన, అప్పుడప్పుడూ పలకరించడానికి వచ్చే పాములు. బందరులో ఫ్యాను కింద కుర్చీ దొరికిందని చెబితే మా నాన్న కాసేపు ఆలోచించి, "సరే, వెళ్ళు. వాళ్ళు నీతో పని కాదన్నారనుకో, మారు మాట్లాడకుండా బస్సెక్కి వచ్చెయ్. గుడిసె ఖాళీగానే ఉంచుతాను" అన్నాడు. ఆ గుడిసె ఖాళీగా నా కోసం ఎదురుచూస్తోందన్న సంగతి నన్ను బందరులో ఒక్క పూట కూడా ప్రశాంతంగా కూర్చోనివ్వలేదు.

చేరిన కొన్నాళ్ళకే పాత కంప్యూటర్ మూలపడింది. మా బందరు ఉప్పుగాలికి ఇనప గేట్లే నిలవవు, కంప్యూటర్లోని బోర్డు ఎంత? ఒక మధ్యాహ్నం నేను జడబిళ్ళ మీద నెమలికి తోక గీస్తూ ఉండగా పుటుక్కున ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు. బాగుచేసేవాళ్ళు వచ్చి చూసి ఉప్పు బోర్డు మొత్తాన్ని తినేసిందన్నారు. ఇదే నా విద్య చూపించుకోవడానికి అదును అనుకుని, "కొత్తది కొనడమెందుకు మావయ్యా, విడిభాగాలు తెచ్చి నేనే కడతాను" అన్నాను. కట్టడం నేను కాలేజీలో నల్లబల్ల మీద బొమ్మల్లో చూశాను, అంతే. మావయ్య నా మొహం వైపు కాసేపు చూసి, "కడతావా? నీ మాట మీద ఉంటావా?" అన్నారు. ఉంటానన్నాను. గుడివాడలో నాతో చదువుకున్నవాడొకడు కంప్యూటర్ విడిభాగాల కొట్టు పెట్టాడు. వాడి దగ్గర సరంజామా అంతా తీసుకుని, ఖాళీ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని బందరు బస్సెక్కాను. పక్కసీటు పెద్దావిడ డబ్బాకున్న ఫ్యాను చూసి, "కూలరా నాయనా? ఇంత చిన్నదానికి గాలేం వస్తదీ?" అని దారిపొడుగునా నా మీద జాలిపడింది.

ఎలాగైతేనేం, కట్టాను. మొదటిసారి మీట నొక్కినప్పుడు అది బీప్‌మంటే మావయ్య భార్య, అంటే మా అత్తయ్య, "బిడ్డ ఏడ్చింది, ఇంకేం పరవాలేదు" అని హారతిచ్చింది. పాతదాన్ని పడేద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "అది వచ్చాకే కదరా మనకి కలిసొచ్చింది" అని పీట వేయించి దేవుడి గదిలో కూర్చోబెట్టింది. డిజైన్లన్నీ ఎక్కించుకోవడానికి దాని లోపలి డిస్కు తీసినవాణ్ణి, పని కాగానే మళ్ళీ తీసుకెళ్ళి అందులో పెట్టే దాకా నా వెనకాలే నిలబడింది. లోపలిది లేకపోతే ఉత్త డబ్బా అవుతుంది కదా అన్నది ఆవిడ వాదన. (దేవుడి గదిలో ఉత్త డబ్బాకి పూజ చేయడం ఏ శాస్త్రంలోనూ లేదట.) ఇక విండోస్. డీవీడీ పెట్టాను, ఎక్కింది. మధ్యలో ఒకచోట స్టిక్కర్ మీది నంబరు కొట్టమంది. వెళ్ళి చూద్దును కదా, స్టిక్కర్ నిండా పసుపూ కుంకుమా. ఏమీ కనపడలేదు. సరే, కింద 'తరువాత చూద్దాం' అన్న అర్థం వచ్చే మీట ఒకటుంది. మనవాళ్ళ స్వభావం బాగా తెలిసినవాడెవడో ఆ మీట కనిపెట్టి ఉంటాడు. నొక్కాను. నెల గడువిచ్చి అది లోపలికి రానిచ్చింది. నెల చాలా పెద్దది కదా అని నేను మర్చిపోయాను.

అది మర్చిపోలేదు. గుడివాడలో పెద్ద ఫ్యాన్సీ కొట్టున్న ఒకావిడ పెళ్ళిళ్ళ ముందు మా దగ్గరికి వచ్చేవారు. సీజన్ సరుకంతా ఆవిడ ఒక్క చూపులో తేలిపోయేది. ఆ గురువారం ఆవిడ వచ్చి కూర్చుంటే, మావయ్య నన్ను పిలిచి కొత్త కంప్యూటర్లో కొత్త డిజైన్లు చూపించమన్నారు. నేను కాలర్ సర్దుకుని వడ్డాణం బొమ్మ తెరిచాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగారు. బొమ్మని పక్కకి జరిపేసరికి దాని వెనకాల ఉన్న తెర నల్లగా అయిపోయి ఉంది. వేంకటేశ్వరస్వామి బొమ్మ పెట్టుకున్నాం, అది మాయం. కింద ఓ మూల ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. ఆవిడ వాటిని నింపాదిగా కూడబలుక్కుని, "ఇదేదో జెన్యూయిన్ కాదంటోందేంటండీ?" అన్నారు మావయ్యతో.

మావయ్య మొహం చూడలేకపోయాను. తన నోటితో తాను ఊరంతటికీ నిజం చెప్పుకునే మనిషి ఆయన. అలాంటిది ఆయన దుకాణంలో, ఆయన ఖాతాదారు ముందు, ఆయన సొంత కంప్యూటర్ ఆయన్ని దొంగ సరుకు పెట్టుకున్నావంటోంది. ఆవిడ ఎక్కువ మాట్లాడకుండా, "దివిసీమలో పనుందండీ, శనివారం పొద్దున వెనక్కి వెళ్తూ వస్తాను, అప్పుడు చూద్దాం" అని లేచారు. ఆవిడ ఆటో ఎక్కేదాకా మావయ్య గుమ్మంలో నిలబడ్డారు. తరువాత లోపలికి వచ్చి, గొంతు పెంచకుండా, "శనివారం ఆవిడ వచ్చేసరికి అది అసలుదని దాని చేతే చెప్పించాలి. చెప్పించలేకపోతే మీ నాన్నగారికి ఫోన్ చేస్తాను. మాట మీద ఉండలేనివాడు నా కుర్చీలో కూర్చోకూడదు" అన్నారు. ఆయన అరిచి ఉంటే బాగుండేది. నాకు కుర్చీలో కూర్చుని ఉండగానే చెరువుగట్టు బురద వాసన వచ్చింది.

గుడివాడ స్నేహితుడికి ఫోన్ చేశాను. వాడు పకపకా నవ్వి, "దానికింత కంగారెందుకురా, చిన్న ఫైల్ పంపిస్తా, నొక్కు. జన్మలో మళ్ళీ అడగదు. సగం జిల్లా అట్టాగే నడుస్తోంది" అన్నాడు. ఆశపుట్టి మావయ్య దగ్గరికెళ్ళి ఈ ఉపాయం చెప్పాను. ఆయన చేతిలోని హారాన్ని కింద పెట్టి, "అంటే, అసలుది కాకపోయినా అసలుదని చెప్తది. అంతేనా?" అన్నారు. అంతేనన్నాను. "గిల్టు గాజు మీద బంగారం ముద్ర కొట్టడం కదరా అది. ఆ పనే చెయ్యాలనుకుంటే నేను ఈపాటికి మేడ కట్టేవాణ్ణి" అన్నారు. (ఆయన పక్కింటాయన కట్టాడు. అదే ఆయన బాధ కూడానేమో.) "డబ్బు పెట్టి కొన్నాను. నాది నాకు రావాలి. సరైన దారిలో తీసుకురా." ఆ దారి ఎక్కడుందో నాకూ తెలీదు.

దేవుడి గదిలోకి వెళ్ళి పాత డబ్బా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని స్టిక్కర్‌ని తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాను. కుంకుమ వచ్చింది, పసుపు వచ్చింది, వాటితో పాటు కొన్ని అక్షరాలు కూడా వచ్చాయి. అప్పుడు తెలిసింది అసలు కథ. ప్రతి దసరాకీ ఆయుధపూజ ముందు కార్ఖానాలోని అచ్చులు, సుత్తులు, పట్టకార్లు అన్నింటినీ అత్తయ్య కుంకుడు రసంతో కడిగేది. నగలకి మెరుపు రావాలంటే కుంకుడు రసాన్ని మించింది లేదు కదా. కంప్యూటర్ కూడా ఆయుధమే, అందులోనూ స్టిక్కర్ మెరిసే వస్తువు. కాబట్టి దాన్ని ప్రత్యేకంగా, ప్రేమగా, బ్రష్షుతో తోమి, ఆ తరువాత బొట్టు సరిగ్గా దాని నడిమధ్యన పెట్టేది. నుదురు అదే కదా మరి. "మెరవాలని కడిగానురా, నేనేం పాపం చేశాను?" అంది అత్తయ్య, కొంచెం నొచ్చుకుని. ఆవిణ్ణి ఏమీ అనలేకపోయాను. నిజంగానే స్టిక్కర్ అద్దంలా మెరుస్తోంది.

మావయ్య రాళ్ళు పరీక్షించే భూతద్దం కంటికి పెట్టుకుని వచ్చారు. నేను టార్చి పట్టుకున్నాను. చాలా అక్షరాలు తేలాయి గానీ కొన్ని చోట్ల పీటముడి పడింది. ఒకటి బీ అని ఆయన, ఎనిమిదని నేను. ఇంకోటి క్యూ అని నేను, "క్యూకి తోకుండాలి కదరా, దీనికేదీ?" అని ఆయన. తోక కుంకుడు రసంలో పోయిందని నా వాదన. బీ పెట్టి కొడితే కాదంది, ఎనిమిది పెడితే కాదంది, తోక పెడితే కాదంది. మేమిద్దరం పోట్లాడుకుంటూ, మార్చి మార్చి కొడుతూ, అత్తయ్య మధ్యమధ్యలో మజ్జిగ ఇస్తూ ఉండగా చివరికొకసారి విండోస్ ఆ నంబరు సరైనదేనని ఒప్పుకుంది. మేం నవ్వుకునే లోపే మరో ముక్క వేసింది: ఈ నంబరు ఇప్పటికే వేరే కంప్యూటర్లో వాడుకలో ఉందట. కాదూ కూడదంటే కంపెనీకి ఫోన్ చేయమని నంబరిచ్చింది. అప్పటికి గురువారం గడిచిపోయింది.

శుక్రవారం పొద్దున ఫోన్ చేస్తే అవతల హిందీ, ఇంగ్లీషు. నా ఇంగ్లీషు పరీక్షల్లో రాసేదే తప్ప నోటితో ఆడేది కాదు. హిందీ సంగతి అడగొద్దు. అందుకని చాచాని పిలిపించారు. చాచా మాకు రాళ్ళూ పూసలూ సరఫరా చేసే ఆసామి. పుట్టిపెరిగింది బందరే గానీ, సరుకు కోసం జైపూర్ దాకా తిరిగి వస్తాడు కాబట్టి ఆయన హిందీకి ఎదురులేదు. మావయ్యని బావా అంటాడు, అత్తయ్యని చెల్లెమ్మా అంటాడు. వచ్చీరాగానే టోపీ సర్దుకుని, "ఇయ్యాల జుమ్మా, నమాజుకి వెళ్ళాలి, తొందరగా కానీండి" అని ఫోన్‌ని బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాడు. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది. తెర మీది బారెడు అంకెలు నేను చదివితే, చాచా ఆమెకి హిందీలో అప్పజెప్పాడు. అంతా సాఫీగా సాగుతోంది, ఇంకేముంది, గట్టెక్కాననుకున్నాను. అప్పుడా అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది.

చాచా మావయ్య వైపు తిరిగి, "బావా, ఈ విండోస్ ఎన్ని కంప్యూటర్లలో ఉందని అడుగుతోంది" అన్నాడు.

"ఒకటని చెప్పండి చాచా" అని నేను గొణిగాను.

మావయ్య ఒకసారి కొత్తదాని వైపు చూశారు. తల తిప్పి దేవుడి గదిలోకి చూశారు. అక్కడ పీట మీద పాతది, దండతో, అగరొత్తుల పొగలో. "రెండు" అన్నారు.

"మావయ్యా, అది చచ్చిపోయింది. లెక్కలోకి రాదు."

"శుక్రవారం పూట ఏం మాటల్రా అవి" అని అత్తయ్య.

"బోర్డు పోయిందన్నావు గానీ, లోపల డిస్కులో విండోస్ ఉందా, లేదా?" అన్నారు మావయ్య.

"ఉంది, కానీ..."

"ఉందిగా. మరి రెండే కదరా. ఆ పిల్ల మనల్ని నమ్మి అడుగుతోంది. రెండని చెప్పు భాయ్."

చాచా చెప్పేశాడు. సరిగ్గా వినలేదేమోనని ఆ అమ్మాయి ఇంకోసారి అడిగింది. ఆమె ఆ ఉద్యోగంలో చేరాక రెండు అని చెప్పిన మొట్టమొదటి మనిషి మావయ్యే అయి ఉంటారు. తరువాత ఆమె మెల్లగా, రూలు ప్రకారం ఒక్కదాంట్లోనే ఉండాలని, పాతదాంట్లోంచి తీసేసి, తీసేశామని ఒక్క మాట చెబితే కొత్తదానికి నంబరు ఇస్తానని చెప్పింది. "న్యాయంగా ఉంది. తియ్యరా" అన్నారు మావయ్య. నేను స్క్రూడ్రైవర్ తీసుకుని దేవుడి గది వైపు ఒక్క గెంతు గెంతాను. గుమ్మానికి అడ్డంగా అత్తయ్య నిలబడింది.

"ఇవాళ శుక్రవారం. కలిసొచ్చినదాన్ని శుక్రవారం పూట తీసి అవతల పారేస్తారా? చేబదులు అడిగితే చిటికెడు పసుపు కూడా ఇవ్వనే నేను. రేపు పొద్దున తీసుకోండి" అంది.

రేపు పొద్దున గుడివాడ ఆవిడ వస్తున్నారు. రేపు ఫోన్ చేస్తే మళ్ళీ ఈ అమ్మాయే దొరుకుతుందన్న నమ్మకం ఏమీ లేదు, దొరికినా ఆ సంగీతం అయ్యేసరికి ఆవిడ గుడివాడ చేరిపోతారు. నేను మావయ్య వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నారు. వ్యాపారంలో ఆయన మాట, వారాల విషయంలో ఆవిడ మాట. ఆ ఇంట్లో అది ఎప్పుడో జరిగిన పంపకం. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. "అత్తయ్యా, ఇది ఇవాళ కాకపోతే నేను రేపు చెరువు మీదికి పోవాలి" అన్నాను. ఆవిడ మొహంలో జాలి కనిపించింది గానీ గుమ్మం మాత్రం వదల్లేదు.

ఫోన్‌లో ఆ అమ్మాయి ఏమైందని అడుగుతోంది. చాచా దాచుకోకుండా సంగతంతా చెప్పేశాడు, శుక్రవారం ఈ ఇంట్లోంచి లక్ష్మిని బయటికి పంపరని, ఇంటావిడ గుమ్మంలో నిలబడిందని. ఆ అమ్మాయి పెద్దగా నవ్వింది. వాళ్ళింట్లో గురువారం తల కూడా రుద్దుకోనివ్వదట వాళ్ళమ్మ. "ఆ పిల్లకి తెలుసు" అంది అత్తయ్య, చాచా చెప్పింది విని, కొంచెం మెత్తబడి. తరువాత తనే అడిగింది: "అన్నయ్యా, ఒక మాట కనుక్కో. ఇందులోంచి తీశాక అది మన ఇంట్లోనే ఉంటదా, వాళ్ళ కంపెనీవాళ్ళు పట్టుకుపోతారా?"

చాచా అడిగాడు. ఎక్కడికీ పోదు, ఇందులోంచి తీసినా అందులో ఉంటుంది, మీ ఇంట్లోనే, మీదే అని సమాధానం వచ్చింది.

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా, మగాళ్ళంతా కలిసి తియ్యి తియ్యి అని ఒకటే గోల" అంది అత్తయ్య. "అత్తగారి నడుమునున్న తాళాలగుత్తి కోడలి నడుముకి మారితే లక్ష్మి బయటికెళ్ళినట్టా? రా, తీసుకో." అంటూ తనే పాతదానికి హారతిచ్చి, దండ తీసి, పక్కకి తప్పుకుంది. నేను డిస్కు ఊడదీస్తే పళ్ళెంలో పెట్టి తీసుకురమ్మంది. కుడికాలు ముందు పెట్టమంది. పెట్టాను. కుంకుమ భరిణె పట్టుకుని వస్తుంటే మాత్రం, "అత్తయ్యా, నీ కాళ్ళకి మొక్కుతా, బొట్టు పళ్ళేనికి పెట్టు" అని బతిమాలుకున్నాను.

డిస్కుని కొత్తదానికి తగిలించి, అందులోని పాత విండోస్‌ని తుడిచేశాను. అంతసేపూ ఆ అమ్మాయి లైన్లోనే ఉంది. (ఆమె పైవాళ్ళు నన్ను మన్నించాలి.) "ఇప్పుడు ఎన్ని?" అని మళ్ళీ అడిగింది. ఈసారి చాచా కోసం ఆగకుండా మావయ్యే ఫోన్ దగ్గరికి వంగి, ఆయనకొచ్చిన ఒకే ఒక్క హిందీ అంకె పలికారు. "ఏక్." ఆమె అంకెలు చెప్పడం మొదలుపెట్టింది. ఆమె హిందీలో చెబితే, చాచా తెలుగులో, మావయ్య గట్టిగా, అత్తయ్య ఇంకా గట్టిగా. నేను టైపు చేస్తున్నాను, షెడ్డులో అచ్చులు కొట్టేవాళ్ళు కూడా చప్పుడు ఆపి గుమ్మంలో నిలబడ్డారు. ఆఖరి అంకె కొట్టి మీట నొక్కాను. కాసేపు తిరిగి తిరిగి, అసలుదేనని చెప్పింది. నల్లటి తెర పోయింది. నేను కుర్చీలో అలా కూలబడిపోయాను. ఇంత హాయి నాకు డిగ్రీ పాసైనప్పుడు కూడా కలగలేదు.

"ఆ పిల్లకి పెళ్ళయిందేమో అడుగు భాయ్. ఒక సెట్టు పంపిద్దాం" అన్నారు మావయ్య. చాచా అడగబోతుంటే ఆపి, "బంగారం కాదు, గిల్టని ముందే చెప్పు" అన్నారు. ఆ అమ్మాయి మళ్ళీ నవ్వి, అలా తీసుకోకూడదని, మీ అందరితో మాట్లాడటమే బాగుందని చెప్పి పెట్టేసింది. ఆమె పేరు చెప్పే ఉంటుంది, ఆ కంగారులో మేమెవరం గుర్తుంచుకోలేదు. చాచా చెప్పులేసుకుని నమాజుకి పరుగెత్తాడు.

శనివారం పొద్దున గుడివాడ ఆవిడ వచ్చారు. మావయ్య ఆవిణ్ణి కుర్చీలో కూడా కూర్చోనివ్వకుండా సరాసరి కంప్యూటర్ దగ్గరికి తీసుకొచ్చి, "అమ్మగారూ, ఇదిగో చూడండి. అసలుదేనంటోంది. మొన్న పొరపాటు జరిగింది" అన్నారు. ఆ ముక్క రాసి ఉన్న పేజీని నేను అప్పటికే తెరిచి, పెద్దది చేసి పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, మమ్మల్ని చూసి, "అయ్యో, దాని కోసం ఇంత హైరానా పడ్డారా? నేనేమీ అనుకోలేదండీ. మీరూ వచ్చినవాళ్ళందరికీ అసలుది కాదనే కదా చెప్తారు, మీ కంప్యూటర్‌కి కూడా మీ అలవాటే వచ్చిందనుకున్నాను" అన్నారు. మావయ్య ఆ మాటకి మురిసిపోయి, ఆవిడ సరుకంతా ఎంచుకుని వెళ్ళేదాకా తనలో తను నవ్వుకుంటూనే ఉన్నారు. ఆ సీజన్‌కి వడ్డాణాలు చాలక రెండోసారి కొట్టాల్సి వచ్చింది.

ఆవిడ వెళ్ళాక మావయ్య ఫోన్ తీసి మా నాన్న నంబరు నొక్కారు. పని అయిందిగా, మళ్ళీ ఎందుకు? తలుపు పక్కన నిలబడి చెవులు రిక్కించాను. "నమస్కారమండీ. మీ అబ్బాయి విషయం" అని మొదలుపెట్టారు. "ఇన్నాళ్ళూ కోడూరులో ఓ పక్క, ఇక్కడో పక్క ఉన్నాడు కదండీ. రూలు ప్రకారం ఒక్కచోటే ఉండాలట. మేం ఇటు మార్చేసుకున్నాం. ఆ గుడిసెలో ఇంకెవరినైనా పెట్టుకోండి." అవతల మా నాన్నకి ఏం అర్థమైందో నాకు తెలీదు. ఏ రూలు అని అడిగినట్టున్నాడు, మావయ్య అదొక పెద్ద కథలెండి అన్నారు. నేను షెడ్డు వెనక్కి వెళ్ళి, కుంకుళ్ళు నానబెట్టిన తొట్టి పక్కన కూర్చుని, కళ్ళు తుడుచుకున్నాను. పొరపాటున కుంకుడు చెయ్యి కంట్లో పెట్టుకోవడంతో నిజంగానే ఏడవాల్సి వచ్చింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నాకు బందరులోనే సొంత డిజైన్ల కొట్టుంది. నా తల నెరిసింది, మావయ్యకి చెవులు సరిగ్గా వినపడవు. ఈమధ్య ఇంకో కొత్త కంప్యూటర్ కట్టుకున్నాను. విండోస్ మార్చడానికి ఫోన్ చార్జింగ్ పెట్టుకుని, మంచినీళ్ళు పక్కన పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను. నా పేరుతో లోపలికి వెళ్ళి, ఇకమీదట నేను వాడేది ఈ కంప్యూటరేనని ఒక్క మీట నొక్కాను. అంతే. లైసెన్సు తనంతట తనే వచ్చి కొత్తదాంట్లో కూర్చుంది. సంగీతం లేదు, అంకెలు లేవు, అవతల మనిషి లేదు. సంతోషించాల్సింది పోయి ఏదో వెలితిగా అనిపించింది. ఎవరికైనా చెప్పాలనిపించి మావయ్యకి ఫోన్ చేశాను.

"మారిందా?" అన్నారు.

"మారింది మావయ్యా. ఎవరూ ఏమీ అడగలేదు" అని గట్టిగా చెప్పాను.

"ఎన్నిట్లో ఉందని కూడా?"

"లేదు మావయ్యా."

"అడక్కుండా నిన్నెట్టా నమ్మార్రా వాళ్ళు?" అన్నారు.

నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక, ఒకటని చెప్పమని ఆ రోజు చాచా చెవిలో గొణిగిన కుర్రాడు గుర్తొచ్చి, వాడి తరఫున కూడా ఇంకాస్త నవ్వాను.